చేపల తొట్టికి ఏ ఫిల్టరు మంచిది?

చేపల తొట్టి ముందు కూర్చుంటే కాలం తెలియదు. మీలో కొందరి ఇళ్ళలో ఇప్పటికే తొట్టి ఉండవచ్చు. మరికొందరు పరీక్షలు కాగానే కొనిపెట్టమని నాన్నగారిని వేధిస్తూ ఉండవచ్చు. దుకాణానికి వెళితే అద్దాల తొట్టి, రంగురాళ్ళు, మేత డబ్బాతోపాటు ఫిల్టరు కూడా చూపిస్తారు. అదీ ఒక్కటి కాదు. స్పంజి తొడిగినది ఒకటి, మోటారుతో పనిచేసేది ఒకటి, తొట్టి వెనుక తగిలించేది ఒకటి, డబ్బాలాంటిది ఒకటి. వీటిలో ఏది కొనాలి? ఖరీదు ఎక్కువైనదే మంచిదా? అసలు ఫిల్టరు ఎందుకు?

ఈ ప్రశ్నలకు జవాబు చెప్పేముందు, నేను చేసిన ఒక పొరపాటు మీకు చెప్పాలి.

కొన్నేళ్ళ క్రితం మా బడి ప్రయోగశాలలో ఒక చేపల తొట్టి ఉండేది. అందులో ఆరు చిన్న గోల్డ్ ఫిష్‌లు, ఒక స్పంజి ఫిల్టరు. నాలుగు నెలలపాటు చేపలు హాయిగా ఉన్నాయి. నీళ్ళు కొంచెం పచ్చబడ్డాయి. స్పంజి మీద గోధుమరంగు జిగురు పట్టింది. ఇంతలో సైన్సు ప్రదర్శన వచ్చింది. వచ్చేవాళ్ళకు తొట్టి అందంగా కనిపించాలని, నేనే దగ్గరుండి పిల్లలచేత నీళ్ళన్నీ తోడించాను. గులకరాళ్ళు కడిగించి ఎండబెట్టించాను. స్పంజిని కుళాయి కింద పెట్టి, కొత్తదానిలా అయ్యేదాకా పిండించాను. చేపలకు క్లోరిన్ పడదని తెలుసు కనుక, రెండు రోజులు తెరిచి నిలవ ఉంచిన నీళ్ళే తొట్టిలో పోశాం.

ప్రదర్శన రోజున నీళ్ళు అద్దంలా మెరిశాయి. అందరూ మెచ్చుకున్నారు. మూడో రోజున చేపలు నీటి పైకి వచ్చి నోళ్ళు తెరుస్తూ కనిపించాయి. వారం తిరిగేసరికి నాలుగు చచ్చిపోయాయి. అప్పుడు 8వ తరగతి బాలిక ఒకామె నన్ను అడిగింది: "మురికిగా ఉన్నప్పుడు బతికిన చేపలు, శుభ్రం చేశాక ఎందుకు చచ్చిపోయాయి మాష్టారూ?"

ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. తరువాత చదివి తెలుసుకున్నాను. ఆ జవాబు తెలిస్తే, ఏ ఫిల్టరు కొనాలో మీకే తెలిసిపోతుంది.

తేటనీరంతా మంచినీరు కాదు

ముందుగా ఒక చిన్న ప్రయోగం చేయండి. ఒక గ్లాసు మంచినీళ్ళలో అర చెంచా టీపొడి, ఒక చెంచా ఉప్పు వేసి బాగా కలపండి. శుభ్రమైన గుడ్డను నాలుగు మడతలు పెట్టి, దానిలోనుంచి ఆ నీటిని మరో గ్లాసులోకి వడకట్టండి. టీపొడి గుడ్డమీద మిగిలిపోతుంది. ఇప్పుడు కిందికి దిగిన నీటిని ఒక చుక్క నాలుకమీద వేసుకోండి. ఉప్పగానే ఉంది కదూ! గుడ్డ ఎన్ని మడతలు పెట్టినా ఉప్పు ఆగదు. ఎందుకంటే టీపొడి నీటిలో తేలుతున్నది, ఉప్పు నీటిలో కరిగినది. తేలేవాటిని వడకట్టగలం. కరిగినవాటిని గుడ్డ ఆపలేదు.

వానాకాలంలో కాలువనీరు ఎర్రగా వస్తే మన పెద్దవాళ్ళు చిల్లగింజను కుండలో అరగదీసేవారు. మట్టి అడుగుకు దిగి నీరు తేటపడేది. కాని ఆ నీటిలో కరిగిన లవణాలు అలాగే ఉండేవి. తేటదనం కంటికి సంబంధించిన విషయం. మంచిదా కాదా అన్నది రసాయన విషయం. మా ప్రదర్శననాటి నీరు తేటగానే ఉంది. కాని అందులో కంటికి కనబడనిది ఒకటి పెరగడం మొదలుపెట్టింది. అదేమిటో చూద్దాం.

కరిగిపోయే విషం

చేపల మేతలో మాంసకృత్తులు ఎక్కువ. మాంసకృత్తులలో నత్రజని ఉంటుంది. శరీరానికి అక్కర్లేని నత్రజనిని ప్రతి ప్రాణీ ఏదో ఒక రూపంలో బయటికి పంపాలి. మనం యూరియాగా మార్చి మూత్రంలో పంపుతాం. చేపలు చాలావరకు అమ్మోనియాగా, తమ మొప్పల ద్వారా నేరుగా నీటిలోకి వదిలేస్తాయి. తినగా మిగిలిన మేత, చేపల మలం, కుళ్ళిన ఆకులు కూడా అమ్మోనియానే ఇస్తాయి.

ప్రయోగశాలలో అమ్మోనియా సీసా మూత తీసినప్పుడు ముక్కు మండిన సంగతి మీకు గుర్తుందా? చేప సున్నితమైన మొప్పలకు అది ఇంకా ప్రమాదం. నదిలోనూ చెరువులోనూ నీరు విస్తారం కనుక ఈ అమ్మోనియా పలచబడిపోతుంది. తొట్టిలో అలా కాదు. చేప తిన్నదీ విడిచినదీ అంతా ఆ నాలుగు అద్దాల మధ్యనే ఉండాలి. అంటే చేప తన మరుగుదొడ్డిలోనే కాపురం ఉన్నదన్నమాట!

ఇక్కడ మరో సంగతి ఉంది. నీటిలో అమ్మోనియా రెండు రూపాలలో ఉంటుంది. ఒకటి అమ్మోనియం అయాను. దీనివల్ల హాని తక్కువ. రెండవది విడి అమ్మోనియా. విషం ఇదే. నీటి పీహెచ్ విలువ 7 ఉంటే, 25 డిగ్రీల సెల్సియస్ వద్ద మొత్తంలో విడి అమ్మోనియా నూటికి ఒక వంతు కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే నూటికి సుమారు 5 వంతులు అవుతుంది. పీహెచ్‌తోపాటు వేడి పెరిగినా ఈ వంతు పెరుగుతుంది. బోరు నీరు క్షారగుణం కలదైతే, పైగా వేసవి అయితే, అదే అమ్మోనియా మరింత విషమవుతుందన్నమాట.

మరి నాలుగు నెలలపాటు మా చేపలు ఎలా బతికాయి? వాటిని ఎవరో కాపాడుతూ ఉండాలి కదా!

తండ్రీ కొడుకుల కథ

ఈ కాపలాదారుల కథ తెలుసుకోవాలంటే లండన్ వెళ్ళాలి. అక్కడ రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. నీళ్ళు మార్చకుండా గాజుపాత్రలో చేపలను పెంచవచ్చునా అని ఆయనకు సందేహం కలిగింది. పాత్రలో రెండు గోల్డ్ ఫిష్‌లు, ఒక నీటిమొక్క పెట్టాడు. మొక్క చేపలకు ప్రాణవాయువు ఇచ్చింది. కాని ఆకులు కుళ్ళి నీరు చెడసాగింది. అప్పుడు ఆ కుళ్ళిన ఆకులను తినే నత్తలను వేశాడు. నీరు బాగుపడింది. ఈ ప్రయోగాన్ని ఆయన 1850లో ప్రకటించాడు. చేప, మొక్క, నత్త మూడూ ఒకదానికొకటి సాయపడుతున్నాయని చెప్పాడు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపల భవనం తెరిచారు. మరుసటి సంవత్సరం వచ్చిన ఫిలిప్ గాస్ పుస్తకంతో అక్వేరియం అనే మాట వ్యాప్తిలోకి వచ్చింది.

వారింగ్టన్ లెక్క బాగుంది. కాని ఆ పాత్రలో ఆయన లెక్కలోకి రాని ప్రాణులు ఇంకా ఉన్నాయి!

1877లో ఫ్రాన్సులో ష్లోసింగ్, మ్యూంట్జ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక పొడుగాటి గొట్టంలో ఇసుక, సుద్ద నింపి, దానిగుండా మురుగునీటిని మెల్లగా పోనిచ్చారు. మొదటి కొన్నాళ్ళు నీటిలోని అమ్మోనియా అలాగే కిందికి దిగింది. సుమారు 20 రోజుల తరువాత అమ్మోనియా మాయమై, దాని బదులు నైట్రేట్ రాసాగింది. ఇది కేవలం రసాయన చర్య అయితే మొదటిరోజే జరగాలి కదా? వాళ్ళు గొట్టంలోకి క్లోరోఫారం ఆవిరి పంపారు. మార్పు ఆగిపోయింది. తరువాత క్లోరోఫారం తీసేసి, కాస్త మట్టి కలిపిన నీరు పోశారు. కొన్నాళ్ళకు మార్పు మళ్ళీ మొదలైంది. దీనినిబట్టి, ఇసుకలో కాపురం పెట్టిన ఏవో సూక్ష్మజీవులే ఈ పని చేస్తున్నాయని తేలింది.

ఈ సంగతి విని దానిని ఇంగ్లండులో ముందుకు తీసుకుపోయినవాడెవరో తెలుసా? చేపల పాత్ర వారింగ్టన్ కుమారుడే! ఆయన పేరు కూడా రాబర్ట్ వారింగ్టనే. రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో పనిచేస్తూ, ఈ మార్పు రెండు మెట్లలో జరుగుతుందని, ఒక్కో మెట్టుకు ఒక్కో రకం జీవి ఉన్నదని ఆయన చూపించాడు. ఆ జీవులను విడదీసి పెంచే పని మాత్రం ఆయన చేతికి చిక్కలేదు. 1890లో వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు దానిని సాధించాడు. తండ్రి తొట్టిలో కనబడకుండా ఉన్న ప్రాణులవంటివాటిని కొడుకు పొలంమట్టిలో వెతికాడన్నమాట.

ఆ రెండు మెట్లు ఇవి. మొదటిరకం సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా విషమే. అది చేప రక్తంలోని హీమోగ్లోబిన్‌ను మార్చివేసి, ప్రాణవాయువును మోయలేని స్థితికి తెస్తుంది. రక్తం గోధుమరంగుకు తిరుగుతుంది. నీటిలో ప్రాణవాయువు ఉన్నా చేపకు ఊపిరి ఆడదు. రెండవరకం జీవులు ఈ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ కొద్ది మోతాదులో ఉంటే చేపలకు పెద్ద హాని లేదు. మొక్కలకైతే అది ఎరువు.

మొదటి మెట్టుకు నైట్రోసోమోనాస్, రెండవ మెట్టుకు నైట్రోబాక్టర్ అని చాలాకాలం పుస్తకాలలో రాశారు. చేపల తొట్టిలో రెండవ పని ఎక్కువగా చేసేది నైట్రోస్పైరా అనే మరో జాతి అని 1998లో తెలిసింది. రెండు మెట్లూ తానొక్కటే ఎక్కగల నైట్రోస్పైరా కూడా ఉన్నదని 2015లో బయటపడింది. ఆ జీవిని గుర్తించిన నమూనాలలో ఒకటి చేపల పెంపకపు ఫిల్టరులోదే!

ఇప్పుడు ఆ బాలిక ప్రశ్నకు జవాబు తెలిసింది కదా? స్పంజి మీది గోధుమరంగు జిగురు ఉత్త మురికి కాదు. అందులో కోట్లకొద్దీ సూక్ష్మజీవుల కాపురం ఉంది. గులకరాళ్ళ మీద ఉన్నవాటిని ఎండలో చంపాం. స్పంజిలో ఉన్నవాటిని క్లోరిన్ నీటితో కడిగిపారేశాం. చేపలు అమ్మోనియా వదలడం ఆగలేదు. దానిని మార్చేవాళ్ళు మాత్రం లేకపోయారు.

ఫిల్టరు చేసే మూడు పనులు

ఏ ఫిల్టరైనా మూడు పనులలో కొన్నిటినో అన్నిటినో చేస్తుంది.

మొదటిది, తేలే చెత్తను పట్టడం. స్పంజి, దూది ఈ పని చేస్తాయి. ఇది గుడ్డతో టీపొడి వడకట్టడంవంటిదే.

రెండవది, సూక్ష్మజీవులకు ఇల్లు ఇవ్వడం. అసలైన పని ఇదే. ఈ జీవులు నీటిలో ఈదుతూ తిరగడంకన్నా ఏదైనా ఉపరితలాన్ని అంటిపెట్టుకుని ఉండడానికే ఇష్టపడతాయి. కనుక ఉపరితలం ఎంత ఎక్కువుంటే అంత మంచిది. ఒక లెక్క చేసి చూడండి. 10 సెంటీమీటర్ల ఘనం ఉపరితలం 600 చదరపు సెంటీమీటర్లు. దానినే 1 సెంటీమీటరు ఘనాలుగా కోస్తే 1000 ముక్కలు వస్తాయి. ఒక్కోదానికి 6 చదరపు సెంటీమీటర్ల చొప్పున మొత్తం 6000. వస్తువు అదే, ఉపరితలం పదిరెట్లు! స్పంజిలోని సన్నని రంధ్రాలు, పింగాణీ ఉంగరాలలోని బెజ్జాలు చేసేది ఇదే. అరచేతిలో పట్టే స్పంజిలో సూక్ష్మజీవులకు పెద్ద పట్టణమే ఉంటుంది.

మూడవది, కరిగిన కొన్ని పదార్థాలను పీల్చుకోవడం. దీనికి ఉత్తేజిత కర్బనమనే ప్రత్యేకమైన బొగ్గు వాడతారు. నీటి రంగును, వాసనను, చేపలకు వేసిన మందు మిగులును ఇది తీసివేస్తుంది. అమ్మోనియాను మాత్రం పట్టదు. కొన్ని వారాలకు దీని శక్తి అయిపోతుంది, మార్చాలి. మామూలు తొట్టికి ఇది లేకపోయినా ఫరవాలేదు.

దుకాణంలో కనిపించే రకాలు

స్పంజి ఫిల్టరు: ఒక గొట్టం చుట్టూ స్పంజి ఉంటుంది. బయటనుంచి ఎయిర్ పంపు ఆ గొట్టం అడుగుకు గాలి పంపుతుంది. బుడగలు కలిసిన నీరు మామూలు నీటికన్నా తేలిక. అందువల్ల చుట్టూ ఉన్న బరువైన నీరు స్పంజిగుండా లోపలికి తోసుకువచ్చి దానిని పైకి నెడుతుంది. కొన్ని ఊళ్ళలో కంప్రెసరుతో బోరునీరు తోడేది కూడా ఈ సూత్రంమీదనే. ఇది చవక. నీటిలో కదిలే యంత్రభాగం ఏదీ ఉండదు. చేపపిల్లలు ఇందులోకి లాక్కుపోబడవు. బుడగల చప్పుడు, తొట్టిలో కొంత చోటు ఆక్రమించడం దీని లోపాలు.

గులకరాళ్ళ కింది ఫిల్టరు: తొట్టి అడుగున చిల్లుల పలక పరచి, దానిపై గులకరాళ్ళు పోస్తారు. బుడగల గొట్టం నీటిని రాళ్ళగుండా కిందికి లాగుతుంది. రాళ్ళన్నీ సూక్ష్మజీవుల ఇళ్ళే అవుతాయి. కాని చెత్త పలక కింద పేరుకుంటుంది. దానిని తీయాలంటే తొట్టి అంతా విప్పాలి.

లోపలి మోటారు ఫిల్టరు: చిన్న మోటారు, దానికి స్పంజి గూడు. తొట్టిలో మునిగి ఉంటుంది. నీటిని బలంగా లాగి వదులుతుంది. చెత్తను బాగా పడుతుంది. కాని చాలావాటిలో స్పంజి చిన్నది. అంటే మోటారు పెద్దది, ఇల్లు చిన్నది.

వెనుక తగిలించేది, పైన పెట్టేది: మోటారు నీటిని పైకి తోడి, తొట్టి బయట ఉన్న పెట్టెలోకి పంపుతుంది. అక్కడ స్పంజి, పింగాణీ ఉంగరాలు దాటి నీరు జలపాతంలా తొట్టిలో పడుతుంది. శుభ్రం చేయడం సులువు. నీరు పడేచోట గాలి బాగా కలుస్తుంది.

కానిస్టరు: తొట్టి కింద ఉంచే మూసిన డబ్బా. లోపల అరలు అరలుగా ఎంతో చోటు ఉంటుంది. పెద్ద తొట్టికి చాలా మంచిది. ఖరీదు ఎక్కువ.

కొనేముందు నాలుగు ప్రశ్నలు

ఒకటి: తొట్టిలో ఎన్ని లీటర్లు పడతాయి? పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, గుణించి, 1000తో భాగించండి. 60, 30, 30 అయితే 54 లీటర్లు. గులకరాళ్ళు, పైన వదిలిన ఖాళీ పోను నీరు సుమారు 45 లీటర్లు ఉంటుంది. మోటారు ఫిల్టరు గంటకు తొట్టి నీటిని నాలుగైదుసార్లు తిప్పాలని ఒక మోటు లెక్క. అంటే దీనికి గంటకు సుమారు 200 లీటర్లు. పెట్టెమీద రాసిన అంకె స్పంజి లేకుండా కొలిచినది కావచ్చు. స్పంజి పట్టేకొద్దీ ప్రవాహం తగ్గుతుంది. కనుక కాస్త ఎక్కువదే తీసుకోండి. స్పంజి ఫిల్టరుకు మాత్రం ఎన్ని లీటర్ల తొట్టికి సరిపోతుందో పెట్టెమీద చూసుకుంటే చాలు. గుండ్రని చిన్న గాజుగిన్నెలో ఏ ఫిల్టరుకూ చోటుండదు, చేపకూ చోటుండదు. అది కొనకండి.

రెండు: ఏ చేపలు? గోల్డ్ ఫిష్ బాగా తింటుంది, బాగా మలినం చేస్తుంది. జానెడు దాకా పెరుగుతుంది. దానికి పెద్ద తొట్టి, బలమైన ఫిల్టరు కావాలి. మా తొట్టికి ఆరు గోల్డ్ ఫిష్‌లు ఎక్కువేనని ఇప్పుడు నాకు తెలుసు. ఫైటర్ చేప రెక్కలు పొడుగు, అది నిలకడ నీటి చేప. బలమైన ప్రవాహంలో అలసిపోతుంది. గప్పీలు పిల్లలను పెడతాయి. మోటారు ఫిల్టరు ఆ పిల్లలను లాగేసుకుంటుంది. ఈ రెంటికీ స్పంజి ఫిల్టరు మంచిది.

మూడు: మీ ఇంట్లో కరెంటు ఎంతసేపు పోతుంది? ఈ ప్రశ్న దుకాణంలో ఎవరూ అడగరు. మీరే అడుగుకోండి. సూక్ష్మజీవులకూ ప్రాణవాయువు కావాలి. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగితే, 30 డిగ్రీల వద్ద సుమారు ఏడున్నర మాత్రమే కరుగుతుంది. వేసవిలో మనకు కరెంటు పోయేది, నీరు వేడెక్కేది ఒక్కసారే! కానిస్టరు మూసిన డబ్బా. మోటారు ఆగితే లోపలి జీవులు ఉన్న ప్రాణవాయువును కొద్ది గంటలలోనే వాడేసుకుని చావసాగుతాయి. కరెంటు రాగానే ఆ చెడిన నీరు చేపలమీదికి వస్తుంది. స్పంజి ఫిల్టరు తొట్టి నీటిలోనే ఉంటుంది కనుక కొంత ఆలస్యానికి తట్టుకుంటుంది. బాటరీతో నడిచే ఎయిర్ పంపులు కూడా దొరుకుతాయి. అదీ లేకపోతే ఒక గ్లాసుతో నీటిని ముంచి జానెడు ఎత్తునుంచి మళ్ళీ పోస్తూ ఉండండి. రొయ్యల చెరువులలో చక్రాలు తిప్పి నీటిని చిమ్మేదీ ఇందుకే.

నాలుగు: శుభ్రం చేసేదెవరు? మీరే అయితే, మీ చేతులతో విప్పి బిగించగలిగినదే కొనండి. అమ్మ విసుక్కుంటూ చేయవలసి వస్తే ఆ తొట్టి ఎక్కువకాలం నిలవదు.

ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు రాసుకుని చూస్తే, మొదటిసారి తొట్టి పెట్టేవారికి, 50, 60 లీటర్ల తొట్టికి, కొద్దిపాటి చిన్న చేపలకు స్పంజి ఫిల్టరే సరిపోతుందని తేలుతుంది. వీలైతే రెండు పెట్టండి. ఒకటి కడిగిన వారంలో రెండవది కాపలా కాస్తుంది. గోల్డ్ ఫిష్‌లే కావాలంటే పెద్ద తొట్టి తీసుకుని, పైన పెట్టేదో వెనుక తగిలించేదో కొని, దానికి తోడు ఒక స్పంజి ఫిల్టరు ఉంచండి.

ఒక జాగ్రత్త. ఎయిర్ పంపును నీటిమట్టంకన్నా ఎత్తున ఉంచాలి. కింద ఉంచితే కరెంటు పోయినప్పుడు నీరు గొట్టంగుండా వెనక్కి జారి పంపులోకి చేరుతుంది. ఎత్తున పెట్టడానికి వీలుకాకపోతే, గాలిని ఒకవైపుకే పోనిచ్చే చిన్న కవాటం గొట్టానికి బిగించండి. నీటిలో చెయ్యి పెట్టేముందు పెద్దవాళ్ళచేత స్విచ్చి ఆపించి, ప్లగ్గు తీయించడం మరువకండి.

ఫిల్టరుకు తోడు వెయ్యాలి

కొత్త ఫిల్టరు కొన్నరోజున అందులో సూక్ష్మజీవులు ఉండవు. అది ఖాళీ ఇల్లు. అవి వచ్చి స్థిరపడడానికి సాధారణంగా మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుల గొట్టం కూడా 20 రోజులు ఆగింది, గుర్తుందా? తొట్టి కొన్నరోజే నిండా చేపలు వేసేవారికి మొదటి నెలలోనే చేపలు చచ్చిపోవడానికి ముఖ్యమైన కారణం ఇదే.

కనుక తొట్టి నింపి, ఫిల్టరు నడిపి, చేపలు వేయకుండా రోజూ చిటికెడు మేత మాత్రం వేయండి. అది కుళ్ళి అమ్మోనియా ఇస్తుంది. సూక్ష్మజీవులకు అదే ఆహారం. నీటిని పరీక్షించే చుక్కల మందులు దుకాణాలలో దొరుకుతాయి. మొదట అమ్మోనియా పెరిగి తగ్గుతుంది. తరువాత నైట్రైట్ పెరిగి తగ్గుతుంది. రెండూ సున్నాకు వచ్చి నైట్రేట్ కనిపిస్తే ఇల్లు నిండిందన్నమాట. అప్పుడు తొట్టి నీటిలో సగం మార్చి, ఒకటి రెండు చేపలతో మొదలుపెట్టండి.

త్వరగా కావాలంటే ఒక ఉపాయం ఉంది. పాలు పెరుగు కావాలంటే అమ్మ ఏం చేస్తుంది? పాత పెరుగు కాస్త తోడు వేస్తుంది. ఇక్కడా అంతే. ఆరోగ్యంగా ఉన్న చేపల తొట్టిలోని పాత స్పంజిని మీ తొట్టినీటిలో పిండండి. లేదా ఆ స్పంజి ముక్కనే మీ ఫిల్టరులో పెట్టండి. ఆ తొట్టిలో రోగం లేదని మాత్రం ముందే చూసుకోండి. లేకపోతే తోడుతోపాటు రోగమూ వస్తుంది.

కడగడంలో కిటుకు

స్పంజి నిండిపోయి నీరు సరిగా పోకపోతే కడగవలసిందే. కాని కుళాయి కింద కాదు. తొట్టినుంచి తీసిన నీటిని ఒక బకెట్లో పట్టి, అందులోనే స్పంజిని రెండు మూడుసార్లు మెల్లగా పిండండి. చెత్త పోతుంది, జీవులు మిగులుతాయి. స్పంజి తెల్లబడాలని చూడకండి. సబ్బు అసలే తగలనివ్వకండి. స్పంజిని, గులకరాళ్ళను ఒకేరోజు కడగకండి.

ఫిల్టరు ఎంత మంచిదైనా నైట్రేట్ మాత్రం తొట్టిలో మిగిలిపోతుంది. అందుకే వారానికొకసారి నాలుగోవంతు నీరు తీసి, కొత్త నీరు పోయాలి. కుళాయి నీరయితే ఒకటి రెండు రోజులు వెడల్పాటి పాత్రలో తెరిచి ఉంచండి, క్లోరిన్ పోతుంది. తీసిన నీటిని పారబోయకండి. కరివేపాకు మొక్కకో మల్లె కుండీకో పోయండి. నైట్రేట్ ఎరువని చెప్పుకున్నాం కదా!

మరొక్కమాట. ఫిల్టరుకు పని పెట్టేది మేత డబ్బా. రెండు నిమిషాలలో తినగలిగినంతే వేయండి. చేప ఆకలిగా చూస్తున్నదని మళ్ళీ మళ్ళీ వేస్తే ఏ ఫిల్టరూ కాపాడలేదు.

మా తొట్టిలో మిగిలిన రెండు చేపలను రోజూ నీళ్ళు మారుస్తూ బకెట్లో ఉంచి బతికించాం. తొట్టిని ఖాళీగా నడిపించి, అమ్మోనియా, నైట్రైట్ లెక్కలను గోడమీద గ్రాఫుగా గీశాం. గీసింది ఆ ప్రశ్న అడిగిన బాలికే. రెండు గీతలూ పెరిగి, దిగి, సున్నాను తాకిన రోజున ఆమే రెండు చేపలనూ తిరిగి తొట్టిలో వదిలింది. స్పంజి అప్పటికి మళ్ళీ గోధుమరంగుకు తిరిగింది. ఈసారి దానిని మురికి అని ఎవరూ అనలేదు.

మీరు తొట్టి పెడితే అటువంటి గ్రాఫు ఒకటి గీయండి. అడుగున తేదీలు, పక్కన కొలతలు. ఎన్ని రోజులకు అమ్మోనియా గీత దిగడం మొదలుపెట్టిందో గుర్తుపెట్టండి. ఆ రోజే మీ ఫిల్టరుకు ప్రాణం వచ్చిన రోజు.